పోట్లాటకు ధ్రువపత్రం

మాది తీవ్రవాద ధోరణి గల కుటుంబమని ప్రభుత్వం తేల్చేనాటికి మా పెళ్ళయి రెండు నెలలు కూడా నిండలేదు.

కుటుంబం అంటే మేమిద్దరమే. నేను, మా ఆయన కిరీటి. మా దగ్గరున్న ఆయుధాలన్నిటిలోకీ ప్రమాదకరమైనది పెళ్ళికి ఎవరో బహుమతిగా ఇచ్చిన కొబ్బరి కోరాం. దాన్నీ ఇంకా వాడలేదు. చూసి మురిసిపోవడంతోనే సరిపోతోంది.

కిరీటి నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరు. ఈ ఊరికి బదిలీ అయ్యాక ఇల్లు దొరక్క ఆయన మేనత్త రత్నమాణిక్యం గారింట్లో దిగాం. హాలుకు అడ్డంగా చిలకల బొమ్మల తెర ఒకటి కట్టి, ఇవతలిది మా కాపురం అన్నారు. తెర మంచిదే గాని దానికి చెవులు లేవనుకోవడం మా పొరపాటు. "రేపు ఏం కూర వండమంటారు?" అని నేను కిరీటి చెవిలో గుసగుసగా అడిగితే, అవతలి నుంచి "దోసకాయ ఉందమ్మాయ్, ముదిరిపోతోంది" అని జవాబు వచ్చేది.

అందుకని స్టాఫ్ క్వార్టర్స్‌లో ఒక ఇల్లు ఖాళీ అయిందని తెలియగానే పరుగున వెళ్ళి చూసొచ్చాం. రెండు గదులు. వంటింటి కిటికీలోంచి కాలవ కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తలుపు. దానికి లోపలి నుంచి గడియ. నేను ఆ గడియ వేసి తీశాను. మళ్ళీ వేసి మళ్ళీ తీశాను. "నన్నొకసారి వెయ్యనీ" అన్నారు కిరీటి. మమ్మల్ని తీసుకెళ్ళిన వాచ్‌మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ ఇంటికీ మాకూ మధ్య అడ్డుగా ఒకే ఒక్క కాగితం ఉంది. దాని పేరు భిన్నాభిప్రాయ ధ్రువపత్రం.

దాని పుట్టుక చెప్పాలి. ఆ మధ్య మా ఊళ్ళో రెండు రాజకీయ వర్గాల కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు ప్లాస్టిక్ కుర్చీలు విసురుకున్నారు. ఆ కుర్చీలు షామియానా వాళ్ళవి. తమ మాట కాదన్నవాణ్ణి ఊళ్ళో ఉండనివ్వమని రెండు వర్గాలూ ఫోన్లలో ప్రతిజ్ఞలు చేసుకున్నాయి. పైవాళ్ళు ఒక కమిటీ వేశారు. కమిటీ చాలాకాలం కూర్చుని, తీవ్రవాదులందరిలో ఉమ్మడిగా ఉండే లక్షణం ఒకటి కనిపెట్టింది. ఒక ముఠాలో వాళ్ళంతా ఒకేలా ఆలోచిస్తారు. కనుక ఎక్కడ ఇద్దరు ఒకేలా ఆలోచిస్తే అక్కడ తీవ్రవాదం మొలకెత్తుతుంది. కనుక ప్రభుత్వ సదుపాయం పొందే ప్రతి కుటుంబమూ తమలో తమకు పడదని నిరూపించుకోవాలి. తర్కంలో నాకు ఎప్పుడూ మార్కులు తక్కువే, అందుకని తప్పెక్కడుందో వెంటనే పట్టుకోలేకపోయాను.

నిజానికి నేను భయపడకూడదు. నేను ఎం.ఏ. పొలిటికల్ సైన్స్. ప్రజాస్వామ్యంలో ప్రతిపక్షం పాత్ర మీద పెద్ద వ్యాసం రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నదాన్ని. ఆ వ్యాసం అట్ట మీద బంగారు రంగు అక్షరాలు కూడా వేయించాను.

ప్రజాస్వామ్య పటిష్ఠీకరణ విభాగం పాత గోదాములో ఉంది. ప్రత్యేక అధికారి కూర్మనాథం గారికి పంచాయతీల విభాగం అదనపు బాధ్యత. ఆ ఆఫీసు ఎడమ గదిలో, ఈ ఆఫీసు కుడి గదిలో. మేం వెళ్ళేసరికి ఎడమ గదిలో చప్పట్లు వినిపిస్తున్నాయి. పోటీ లేకుండా ఏకగ్రీవంగా ఎన్నికైన ఒక సర్పంచిని కూర్మనాథం గారు సన్మానిస్తున్నారు. "గ్రామస్థులెల్లరూ ఒక్క మాట మీద నిలిచి రాష్ట్రానికే ఆదర్శప్రాయులైనారు" అని దండ వేశారు. సర్పంచి ఆ దండతోనే బయటికొచ్చాడు. బంట్రోతు ఆయన్ని అట్నుంచి అటే కుడి గదిలోకి పంపాడు. కూర్మనాథం గారు మధ్య తలుపు గుండా వచ్చి, కళ్ళజోడు మార్చుకుని కూర్చున్నారు.

"మీ గ్రామమంతా ఒకే మాట మీద ఉన్నదని మా దృష్టికి వచ్చినది. ఏమిటి దీని ఆంతర్యం?"

సర్పంచి దండ వంక చూసుకున్నాడు. "ఇదేంటండి బాబూ. ఆ గదిలో దండేసింది తవరే కదండీ."

"అక్కడ నేను పంచాయతీల విభాగం. ఇక్కడ పటిష్ఠీకరణ విభాగం. ఆ గదిలోని కూర్మనాథంతో నేను ఏకీభవించడం లేదు. ఆయనకు ఇప్పటికే సంజాయిషీ తాఖీదు పంపియున్నాను."

"మరి ఆయనేవన్నారండి?"

"ఇంకా జవాబు ఇవ్వలేదు. నిర్లక్ష్యపు మనిషి."

తర్వాత మా వంతు. ఇద్దరినీ వేరువేరు బల్లల దగ్గర కూర్చోబెట్టారు. నన్ను ప్రశ్నించినావిడ పేరు హైమావతి, పరిశీలకురాలు. నెమ్మదైన మనిషి. ఆవిడ కళ్ళల్లో ఎప్పుడూ నిద్ర తక్కువైన జాలి ఒకటి ఉండేది.

వంకాయా బెండకాయా అని అడిగితే వంకాయ అన్నాను. సముద్రమా కొండలా అంటే సముద్రం. మీ వారిలో మీకు నచ్చని విషయం ఏమిటి అన్నారు. చాలాసేపు ఆలోచించాను. "పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోవడం" అన్నాను.

అవతలి బల్ల దగ్గర కిరీటి కూడా వంకాయ, సముద్రం అన్నారట. భార్యలో నచ్చనిది అడిగితే, "సాయంత్రం దాకా కనిపించకపోవడం" అన్నారట. ఓటు ఎవరికి వేశారని అడిగితే అది చెప్పకూడదని ఇద్దరమూ అన్నాం. హైమావతి గారు రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి పెద్దాయనకు చూపించారు.

"గోప్యతలో సైతం ఐకమత్యం" అన్నారు కూర్మనాథం గారు దిగులుగా. "అమ్మా, తీవ్రవాదం అనునది ఆకాశం నుంచి ఊడిపడదు. భార్య ఔనన్నదానికి భర్త ఔననడంతో వంటింట్లో అంకురిస్తుంది. మీ ఇరువురినీ నిఘా జాబితాలో చేర్చడమైనది. పక్షం రోజుల లోపల అభిప్రాయభేదాలు పెంపొందించుకొనవలెను. ఆ క్వార్టరుకు రెవెన్యూలో భద్రం అను గుమాస్తా కూడా పోటీలో ఉన్నాడు."

"ఆయన బ్రహ్మచారి కదండీ, ఎవరితో విభేదిస్తాడు?" అన్నారు కిరీటి.

"తనతో తనే. ఇల్లు కావాలా అని అడిగితిమి. కావాలి, అక్కర్లేదు అన్నాడు. అసాధారణ ప్రతిభ."

ఇంటికొచ్చి ఇద్దరం తెర వెనక సమావేశమయ్యాం. గడియ ఉన్న తలుపు కోసం ఏమైనా చెయ్యాలనుకున్నాం. ఇకనుంచి ప్రతి విషయంలోనూ విభేదించుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం. ఆ తీర్మానంలో ఉన్న లోపం మాకు తర్వాత గాని తట్టలేదు.

"పోట్లాడ్డానికి మీకు పాఠాలు కూడా కావాలా?" అంది అత్తయ్య గారు తెర పక్కకి లాగి. ఆవిడకి ఆ హక్కు ఉంది. ఆవిడా మావయ్య గారూ పెళ్ళయిన కొత్తలో ఫ్యాను వెయ్యాలా వద్దా అనే విషయం మీద మొదలుపెట్టిన చర్చ ఇంకా కొలిక్కి రాలేదు. వాళ్ళకి ధ్రువపత్రం పథకం మొదలైన మొదటి వారంలోనే ఇంటికి తెచ్చి ఇచ్చారు. "ఏమీ లేదే అమ్మాయ్. వాడేమన్నా సరే, 'అదే మీ బుద్ధి' అను. మిగతాది అదే వస్తుంది."

నేను కిరీటి వైపు తిరిగి గొంతు పెంచాను. "అదే మీ బుద్ధి."

"ఏ బుద్ధి?" అన్నారు ఆయన, నిజంగా తెలుసుకుందామని.

"మంచి బుద్ధి" అన్నాను.

అత్తయ్య గారు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "వీళ్ళు తీవ్రవాదులే. నేనే వెళ్ళి చెప్పేస్తాను."

హైమావతి గారు పరిశీలనకు వచ్చిన రోజు చినుకులు పడుతున్నాయి. చర్చాంశం ముందే అనుకున్నాం. ఉప్మాలో కరివేపాకు తినాలా, ఏరి పక్కన పెట్టాలా. కిరీటి అధికారపక్షం, నేను ప్రతిపక్షం.

"కరివేపాకు తినాలి. కంటికి మంచిది" అన్నారు కిరీటి నేల చూపులు చూస్తూ.

"దీన్ని ప్రతిపక్షం తీవ్రంగా ఖండిస్తోంది" అన్నాను. "ప్రజల నోట్లో బలవంతంగా ఆకులు కుక్కే ఈ విధానాన్ని నిరసిస్తూ వాకౌట్ చేస్తున్నాను."

నిజంగానే లేచి వీధిలోకి నడిచాను. చాలా ఠీవిగా నడిచానని నా నమ్మకం. నాలుగు అడుగులు వేశానో లేదో నా తల మీద గొడుగు వచ్చింది. కిరీటి నా వెనకే వచ్చి, గొడుగు పట్టుకుని, వంగి నా కాళ్ళ ముందు చెప్పులు పెట్టారు. "తడిస్తే జలుబు చేస్తుంది. చెప్పులేసుకుని నిరసన తెలుపు" అన్నారు.

హైమావతి గారు గుమ్మంలో నిలబడి రాసుకున్నారు. ఏం రాశారని అడిగితే చదివి వినిపించారు. "ప్రతిపక్షమునకు అధికారపక్షం పాదరక్షలు అందించినది. కుమ్మక్కు జరిగినట్లు అనుమానం." తర్వాత పెన్ను మూసి, "నాకూ రాయాలని లేదమ్మా, ఏం చెయ్యను" అన్నారు. "పోనీ ఈసారి వర్షం లేనప్పుడు పోట్లాడుకోండి."

ఈలోగా పథకం ఊరంతా పాకింది. బడిలో టీచరు రెండు రెళ్ళు నాలుగు అంటే, ఐదు అనడానికి ఒక పిల్లవాణ్ణి నియమించారు. వాడు బాగా చదువుతాడనే నియమించారు. బస్సులో కండక్టరు రైట్ అంటే డ్రైవరు కారణాలు అడగసాగాడు. పెళ్ళిళ్ళలో తాళి కట్టే ముందు అభ్యంతరం చెప్పేవారికని ఒక కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చోవడానికి మనుషులు అద్దెకు దొరికారు, భోజనం అదనం. కుర్చీలు విసురుకున్న ఆ రెండు వర్గాలకూ మైదానంలో సభ పెట్టి మొదటి శ్రేణి ధ్రువపత్రాలు ఇచ్చారు. వాళ్ళ అభిప్రాయభేదం శంకించడానికి వీల్లేనిదని విభాగం కొనియాడింది. ఆ ఆనందంలో వాళ్ళు అక్కడే మళ్ళీ కుర్చీలు విసురుకున్నారు.

అదే సభలో అత్తయ్య గారినీ మావయ్య గారినీ ఆదర్శ ప్రజాస్వామ్య దంపతులుగా సన్మానించారు. శాలువా కప్పి, ఇంతటి అభిప్రాయభేదం ఎలా సాధించారో నాలుగు మాటలు చెప్పమని కూర్మనాథం గారు మైకు ఇచ్చారు. అత్తయ్య గారు శాలువా అంచు వేళ్ళతో నలిపి చూసింది.

"ఇది నాసి రకం" అంది మైకులో. "రెండుసార్లు ఉతికితే గుడ్డ పేలికైపోద్ది."

మావయ్య గారు తన శాలువా కూడా నలిపి చూశారు. "నిజమేనే" అన్నారు.

అత్తయ్య గారు ఆయన మొహంలోకి కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. ధ్రువపత్రం అక్కడికక్కడే రద్దయింది. శాలువాలు వెనక్కి తీసుకున్నారు. ఆ సాయంత్రం ఫ్యాను సగం వేగంతో తిరిగింది.

మా తుది విచారణ ఆ మర్నాడు. బల్ల మీద క్వార్టరు తాళంచెవి పెట్టారు. గోడ దగ్గర భద్రం గారు కూర్చుని, తనలో తను ఏదో వాదించుకుంటున్నాడు.

"ఆఖరి అవకాశం" అన్నారు కూర్మనాథం గారు. "ఒక్కటే ప్రశ్న. ఈ పథకం మూలమున ప్రజాస్వామ్యం పటిష్ఠమైనదా, లేదా? ఒకరు అయినదని, వేరొకరు కాలేదని చెప్పిన చాలును."

దారిలోనే పంచుకున్నాం. కిరీటి అయిందనాలి. నేను కాలేదనాలి. నేను ముందు లేచాను. రెండు వాక్యాలు చెప్పి కూర్చోవాల్సింది. కానీ నోరు తెరిచాక నా బంగారు అక్షరాల వ్యాసం ఎక్కడో కదిలింది.

"కాలేదండి. పోట్లాడుకోమని మీరు ఆర్డరు వేస్తే మేం పోట్లాడుకుంటున్నాం. అది కూడా మీ మాట వినడమే కదండీ? కుర్చీలు విసురుకునేవాళ్ళకి అభిప్రాయభేదం లేక కాదు. ఎదుటివాడికి అభిప్రాయం ఉండొచ్చన్న సంగతి తెలీక. మీరు వాళ్ళకి కాగితం ఇచ్చి, మాకు చెప్పులు అందించినందుకు అనుమానం రాశారు. ఈ పథకం దండగండి."

హైమావతి గారు పెన్ను కింద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"అమ్మా" అన్నారు కూర్మనాథం గారు, "మీరు మీ భర్తతో విభేదించవలెను. పొరుగువారితో విభేదించవచ్చును. ఈ విభాగంతో విభేదించుట మా పరిధిలోనిది కాదు. అందులకు పోలీసు శాఖ కలదు." తర్వాత కిరీటి వైపు ఆశగా తిరిగారు. "మీరు చెప్పండి. పథకం అద్భుతమని చెప్పండి."

కిరీటి లేచారు. తాళంచెవి వంక చూశారు. నా వంక చూశారు. "మా ఆవిడ చెప్పింది నాకూ సబబుగానే ఉందండి" అన్నారు.

తిరస్కరించడమైనది అన్న ముద్ర పడిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

వరండాలోకి వచ్చాం. నా కళ్ళ ముందు వంటింటి కిటికీ, కాలవ, తలుపు అన్నీ భద్రం గారి పరమైపోతున్నాయి.

"అద్భుతం అన్న ఒక్క ముక్క అనలేకపోయారా?" అన్నాను.

"నువ్వు అంత బాగా చెప్పాక ఎలా అననూ?"

"బాగా చెప్తే మెచ్చుకోవాలా? ఇల్లు పోతోంది అక్కడ. ఎప్పుడైనా నా మాటకి అడ్డు చెప్పారా మీరు? నేను బావిలో దూకుదామంటే చేద తాడు తెస్తారు."

"రెండు ముక్కలు చెప్పి కూర్చోమంటే ఉపన్యాసం ఇచ్చింది ఎవరు?" ఆయన గొంతు లేచింది. నాకు కొత్త గొంతు అది. "నీకు మైకు కనిపిస్తే చాలు. మైకు లేకపోయినా చాలు."

"అంటే నేను వాగుడుకాయనా?"

"ఆ మాట నేననలేదు. అడ్డు చెప్పమన్నావుగా, చెప్తున్నా. నీ కాఫీలో పంచదార ఎక్కువ. మొదటి రోజు నుంచీ ఎక్కువే. రోజూ సగం క్రోటన్ కుండీలో పోస్తున్నా."

"అందుకా దానికి చీమలు పట్టాయి? అత్తయ్య గారు నన్నంటున్నారు. మరి చెప్పరే?"

"చెప్తే బాధపడతావని."

"బాధపడితే పడతాను. అది నా బాధ, నేను పడతాను. మీరు బండి మీద వేసే ఈల నాకు పరమ చిరాకు. అయినా రోజూ నవ్వుతూ కూర్చున్నా వెనకాల."

"ఈలా? నా ఈలా?" అన్నారు కిరీటి. నిజంగా దెబ్బ తగిలినవాడిలా అన్నారు.

ఇద్దరం ఆయాసపడుతూ నిలబడ్డాం. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఇది పోట్లాట. అసలు సిసలు పోట్లాట, మా మొట్టమొదటిది. ఎవరూ నేర్పలేదు, ముందు అనుకోలేదు. సంతోషం పట్టలేక చెయ్యీ చెయ్యీ పట్టుకుని లోపలికి పరుగెత్తాం.

"మేం పోట్లాడుకున్నామండి" అన్నాను.

"గట్టిగానేనండి" అన్నారు కిరీటి.

కూర్మనాథం గారు మా చేతుల వంక చూశారు. కిరీటి నా చెయ్యి వదిలేశారు.

"పోట్లాడుకున్నట్టు ఎవరు చెప్తున్నారు?"

"ఇద్దరమూనండి."

"అనగా పోట్లాడుకొన్న విషయమై మీ ఇరువురికీ ఏకాభిప్రాయం ఉన్నదన్నమాట."

కూర్మనాథం గారు చెడ్డమనిషి కాదు. ముందుకి వంగి గొంతు తగ్గించారు. "ఒక మార్గం ఉన్నది. మీలో ఒకరు పోట్లాట జరిగినదని, మరొకరు జరగలేదని వాంగ్మూలం ఇవ్వండి. అది స్పష్టమైన అభిప్రాయభేదం. ఈ క్షణమే తాళంచెవి ఇచ్చెదను."

తాళంచెవి బల్ల మీద మెరుస్తోంది. జరగలేదు అన్న ఒక్క మాట. నేను నోరు తెరిచాను. ఆ కొత్త గొంతు, క్రోటన్ మొక్క, ఈల, అన్నీ జరగలేదని ఎలా చెప్పను? అంత అందమైన పోట్లాట.

"నేను చెప్పను. జరిగింది" అన్నాను కిరీటితో. "మీరు చెప్పండి."

"నేనెందుకు చెప్తాను? నాకు ఇంకా కోపం తగ్గలేదు" అన్నారు కిరీటి.

"భద్రం గారూ" అని పిలిచారు కూర్మనాథం గారు.

భద్రం గారు తాళంచెవి తీసుకున్నాడు, మళ్ళీ బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. హైమావతి గారు గుమ్మం దాకా వచ్చి, ఎవరూ చూడకుండా నా చెయ్యి ఒకసారి నొక్కి లోపలికి వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళేసరికి అత్తయ్య గారు వీధి అరుగు మీద కూర్చుని ఉంది. "ఏమైందర్రా?" అంది.

"ఈవిడ ఉపన్యాసం వల్ల ఇల్లు పోయింది" అన్నారు కిరీటి.

"ఈయన నోట్లోంచి ఒక్క మాట రాక పోయింది" అన్నాను.

"తాళంచెవి ఇస్తామన్నారు. ఈవిడే వద్దంది."

"ఇద్దరం వద్దన్నాం. సగం చెప్పకండి."

అత్తయ్య గారు మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. తర్వాత లోపలికెళ్ళి మా తెర విప్పి మడతపెట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు మొదలైంది కాపురం. ఇంక ఈ గుడ్డ ఆపదు మీ గోల. పోయి అద్దెకి ఇల్లు చూసుకోండి. ఇయ్యాళే."

"ఈ ఎండలో పిల్లల్ని ఎక్కడికి తరుముతావే?" అన్నారు మావయ్య గారు లోపల్నుంచి.

"నువ్వూరుకో" అంది అత్తయ్య గారు. వాళ్ళది మొదలైంది.

మేం వీధి చివర నిలబడ్డాం. ఇళ్ళు మార్కెట్ వైపు చవగ్గా దొరుకుతాయన్నారు కిరీటి. కాలవ వైపు గాలి బాగుంటుందన్నాను నేను. కాసేపు వాదించుకున్నాం. కాలవ వైపే వెళ్ళాం. దారి పొడుగునా ఆయన తన నిరసన తెలియజేస్తూనే ఉన్నారు, పక్కనే నడుస్తూ.